పాత సమ్మర్ ఎడిషన్ సెంటుకు ఎనిమిదిన్నర వేలు పెట్టొచ్చా?

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఇస్సే మియాకే వాళ్ళ లో దిస్సే పూర్ ఓమ్ అనే మగవాళ్ళ సెంటు నీకు ఇష్టం, ఇప్పటికి రెండు సీసాలు ఖాళీ చేశావు. అదే పేరుతో ఆరేళ్ళ కిందట వచ్చిన సమ్మర్ లిమిటెడ్ ఎడిషన్, 125 ఎం.ఎల్., సీలు తీయనిది, ఒకతను 8,500కు ఇస్తానంటున్నాడు. మామూలుది నీకు షాపులో 5,500కు దొరుకుతోంది. "ఇక ఎక్కడా దొరకదు అక్కా, మేలో పెళ్ళి పెట్టుకున్నాను, తీసేసుకోనా?" అని అడిగావు. ఉండేది విశాఖ, గాజువాక నుంచి మధురవాడ దాకా రోజూ బైకు.

ఆ ధరకు వద్దు. మామూలు దాని ధరకంటే తక్కువకు ఇచ్చి, నీ చేతి మీద కొట్టి చూసుకోనిస్తే అప్పుడు ఆలోచించు. ఎందుకంటున్నానో చెప్పడానికి కాస్త పొడుగ్గా రాయాల్సి వస్తుంది, ఓపిక పట్టు.

నేను హైదరాబాద్‌లో ఒక మాల్‌లో సెంట్ల కౌంటర్ దగ్గర పదకొండేళ్ళు నిలబడ్డాను. మగవాళ్ళ అరలు నా వంతు. ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలకు ఆ పని నేర్పుతున్నాను. ఆ పదకొండేళ్ళలో నన్ను ఎక్కువమంది అడిగింది "లాస్టింగ్ ఎంత మేడం?" అని. ఆ తరవాత "ఇది లిమిటెడా?" అని. వాసన నాకు నప్పుతుందా అని అడిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. లిమిటెడ్ అని చెప్పగానే కార్డు బయటికి తీసినవాళ్ళు ఎందరో. అమ్మింది నేనే కాబట్టి ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

లిమిటెడ్ అన్న మాట పెట్టె మీద ఉంటే లోపల ఏముందో దాన్నిబట్టి చెప్పలేం. కొన్నిసార్లు లోపల ద్రవం అదే, ఎప్పుడూ దొరికేదే, సీసా మీద బొమ్మ ఒక్కటే కొత్తది. సీసాలు దాచుకునేవాళ్ళకు అది ముచ్చట, ముక్కుకు మాత్రం తేడా ఏమీ ఉండదు. కొన్నిసార్లు పాత వాసననే పట్టుకుని పైపైన నాలుగు పళ్ళ వాసనలు కలిపి, అడుగున ఉండే చెక్క, మసాలా పాళ్ళు తగ్గించి ఒక వేసవికి వదులుతారు. సమ్మర్ ఎడిషన్లు చాలావరకు ఈ కోవలోవే. ఇక నిజంగా కొత్తగా ఆలోచించి, ఖర్చు పెట్టి చేసి, కొద్దిగానే తయారుచేసేవి అరుదు. అలాంటిది జనానికి బాగా నచ్చితే కంపెనీ దాన్ని ఒక్క సీజన్‌తో ఎందుకు ఆపేస్తుంది? మరుసటి ఏడాది మామూలు అరలోకి తెచ్చేస్తుంది. ఆరేళ్ళయినా తిరిగి రాలేదంటే ఆ వాసనకు అంత గిరాకీ లేదేమోనని కూడా ఒకసారి అనుకోవాలి. అమ్మేవాడు ఈ ముక్క చెప్పడు.

లో దిస్సే సమ్మర్ సీసాలు చాలా ఏళ్ళపాటు వేసవికొకటి చొప్పున వచ్చాయి. నా కౌంటర్ మీదికి వచ్చిన వాటన్నిటిదీ ఒకటే దారి. సీసా ఆకారం అదే, మీద ఎండాకాలపు రంగులు. కొట్టగానే పళ్ళరసం కొట్టులో నిలబడ్డట్టు ఉంటుంది, గంట తిరిగేసరికి అసలు దాని నీడలా మిగులుతుంది. చెడ్డవని అనను. కొన్ని భలే హాయిగా ఉండేవి. కానీ నీకు ఇష్టమైన ఆ మూడోగంట వాసన, దాల్చినచెక్క, జాజికాయ లాంటి మసాలా పొడిదనం, దాని కింద వట్టివేరు, వాటిలో పలచబడి ఉండేవి. నువ్వు రెండు సీసాలు ఖాళీ చేసింది ఆ అడుగు వాసన కోసమే అయితే, ఎక్కువ డబ్బు పెట్టి దాన్నే తగ్గించిన సీసా కొంటున్నావు.

నీ లో దిస్సే ఆక్వాటిక్ అనే కోవది, అంటే నీళ్ళను, సముద్రాన్ని గుర్తుచేసే సెంట్లు. ఇక్కడ దాని గురించి కొంచెం చెప్పాలి. ఇది తెలిస్తే పాత సీసాల మీద మోజు దానంతటదే తగ్గుతుంది.

నీళ్ళకు వాసన లేదు. సముద్రానికి ఉంది, కానీ ఆ వాసన సీసాలో పోసి అమ్మితే ఎవరూ కొనరు. మీ ఫిషింగ్ హార్బర్ దగ్గర పొద్దున్నే నిలబడితే నీకే తెలుస్తుంది. సముద్రపు గాలిలో మనకు తగిలేదాంట్లో పెద్ద వంతు నాచూ, కంటికి కనపడని ప్లాంక్టనూ వదిలే డైమిథైల్ సల్ఫైడ్‌ది. అదే పదార్థం ఉడికిన క్యాబేజీలోనూ ఉంటుంది. కాబట్టి పర్ఫ్యూమర్లు చేసేది సముద్రం కాదు, సముద్రం అనే ఊహ. ఆ ఊహకు ముడిసరుకు ఇచ్చింది కేలోన్. 1966లో మందుల పని మీద ఉన్న ఫైజర్ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞులకు దొరికింది అది. పుచ్చకాయ తిన్నాక ఎర్రటి గుజ్జు అయిపోయి, తొక్కకు అంటుకుని తెల్లటి భాగం మిగులుతుంది చూడు, దాన్ని గోరుతో గీకితే వచ్చే వాసన. దానికి కొంచెం ఉప్పుగాలి తోడైతే కేలోన్. చాలా కొద్దిగా వేసినా తెలుస్తుంది, ఎక్కువైతే తల తిరుగుతుంది. ఇరవై ఏళ్ళపాటు దాన్ని ఎవరూ గట్టిగా వాడుకోలేదు. 1988లో అరామిస్ వాళ్ళ న్యూ వెస్ట్ అనే సెంటులో ధైర్యంగా వేశారు.

అదే 1988లో దావిడాఫ్ కూల్ వాటర్ వచ్చింది. పియేర్ బుర్దోన్ చేశారు. ఇందులో చల్లదనానికి మూలం డైహైడ్రోమిర్సెనాల్ అనే పదార్థం. నిమ్మ, లావెండర్, తడి ఇనుము కలిపినట్టు ఉంటుంది. చవక కావడంతో బట్టల పౌడర్లలో, సబ్బుల్లో, షాంపూల్లో కూడా బాగా వాడారు. అందుకే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు కూల్ వాటర్ లాంటివి వాసన చూసి "ఏంట్రా, సర్ఫ్ వాసన వస్తోంది" అంటారు. వాళ్ళ ముక్కు తప్పేమీ కాదు.

ఇస్సే మియాకే కథ వేరు. ఆ జపాన్ డిజైనర్‌కు సెంటంటే పెద్దగా పడేది కాదట, నీళ్ళంత తేటగా ఉండేదొకటి కావాలని అడిగారట. జాక్ కవాలియే 1992లో ఆడవాళ్ళకు, 1994లో మగవాళ్ళకు చేసిచ్చారు. మగవాళ్ళ దానిలో పైన యూజు ఉంటుంది, జపాన్ నిమ్మజాతి పండు. మన దబ్బకాయ తొక్కను గోరుతో గిల్లితే కళ్ళలోకి చిమ్మే ఆ తుంపర వాసనకు చాలా దగ్గర. అడుగున వట్టివేరు, గంధపు చెక్క. ఆ అడుగు వల్లనే ఇది మనవాళ్ళకు తొందరగా దగ్గరైందని నా నమ్మకం. ఎండాకాలం కుండలో వట్టివేళ్ళు వేసుకుని తాగినవాళ్ళకు, కిటికీకి వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లుకున్నవాళ్ళకు చల్లదనం అంటే ఆ వాసనే కదా. నీటి వాసన పట్టడం మనకేమీ కొత్త కాదు. కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని బట్టీ పెట్టి, తొలకరి వాసనను గంధపు నూనెలోకి దించి మిట్టీ అత్తరు అమ్ముతారు. చార్మినార్ పక్క అత్తరు కొట్లలో అడిగితే ఓ చుక్క చేతికి రాస్తారు. నా వరకు ప్రపంచంలో బెస్ట్ ఆక్వాటిక్ అదే. సరే, ఇది నీ ప్రశ్న కాదులే.

ఇప్పుడు అసలు సంగతి. ఆక్వాటిక్‌లో జనం మోజుపడేది మొదటి ఇరవై నిమిషాల మీద. నిమ్మ, దబ్బ, నారింజ, పుదీనా, అన్నీ తొందరగా ఎగిరిపోయేవే. సీసాలో ఉన్నా ముందు పాడయ్యేవి కూడా అవే. నిమ్మజాతి నూనెల్లో ఉండే లిమొనీన్ వేడికీ గాలికీ మారిపోతుంది. దాంతో వాసన మందగిస్తుంది, కొందరికి ఒంటి మీద దద్దుర్లు కూడా వస్తాయి. కేలోన్ మాత్రం మొండిది. పేపర్ స్ట్రిప్ మీద కొట్టి డ్రాయర్‌లో పడేస్తే రోజుల తరబడి పలుకుతూనే ఉంటుంది. అంటే పాతబడిన సీసాలో నిమ్మ చచ్చిపోయి, పుచ్చకాయ తొక్కా సబ్బూ మిగులుతాయి. ఊదు, అంబర్, పచౌలి మీద కట్టిన బరువైన సెంట్లు పాతబడితే కొన్నిసార్లు ఇంకా గుండ్రంగా తయారవుతాయి. పైన కాస్త పోయినా అడుగు బలంగా ఉంటుంది కాబట్టి. ఆక్వాటిక్‌కు ఆ అదృష్టం తక్కువ. అందులోనూ అడుగు పలచన చేసిన సమ్మర్ ఎడిషన్‌కు ఇంకా తక్కువ. దాచుకోవడానికి అన్నిటికన్నా పనికిరాని రకం ఏదంటే నేను దీన్నే చూపిస్తాను.

నా సొంత అనుభవం ఒకటుంది. మా చెల్లి పెళ్ళికి వాడదామని ఒక లిమిటెడ్ ఆక్వాటిక్ దాచాను. (ఆడమనిషినైనా మగవాళ్ళ సెంట్లే నాకు ఇష్టం, మా ఆయన సీసాలు సగం నేనే అవగొడతాను.) పడమటి గోడకు ఆనుకున్న బీరువాలో, చీరల కింద, సీలు కూడా తీయకుండా. హైదరాబాద్ ఎండలు మూడు మే నెలలు ఆ గోడ మీద పడ్డాయి. పెళ్ళిరోజు పొద్దున సీలు తీసి కొడితే నిరుటి నిమ్మకాయ ఊరగాయ మీద తేలిన నూనె వాసన. పావుగంట ఆగితే పోతుందేమో అనుకున్నాను. పోలేదు. చివరికి మా అమ్మ పౌడర్ రాసుకుని మండపానికి వెళ్ళాను. పదకొండేళ్ళు సెంట్లు అమ్మినదాని సంగతి ఇది.

కాబట్టి ఆరేళ్ళ సీసా అంటే నేను అడిగే మొదటి మాట అది ఎక్కడ ఉందని. సీలు తీయకపోవడం మంచిదే, లోపలికి గాలి తక్కువ వెళ్తుంది. కానీ సీలు వేడిని ఆపదు. గోడౌన్లో ఆరు వేసవులు, కొరియర్ వ్యాన్‌లో ఒక ప్రయాణం. అమ్మేవాడు "ఏసీ గదిలో ఉంచాను" అంటే నిజమే కావచ్చు, అతని చేతికి రాకముందు నాలుగేళ్ళు ఎక్కడుందో అతనికీ తెలియదు.

చూసి కొనాలంటే ఎలా చూడాలో చెబుతాను. ఇది ఏ ఆక్వాటిక్‌కైనా పనికొస్తుంది.

సీలు తీయనివ్వడు కాబట్టి, అదే ఎడిషన్ ఇంతకుముందు తెరిచినవాళ్ళ దగ్గర ఐదు ఎం.ఎల్. డీకాంట్, అంటే పెద్ద సీసాలోంచి చిన్నదాంట్లోకి వంచి ఇచ్చేది, కొనుక్కో. నీ మామూలు సీసా ఎలాగూ ఉంది. స్నానం చేసి, వాసన లేని సబ్బుతో చేతులు కడుక్కుని, ఎడమ ముంజేతి మీద మామూలుది రెండు స్ప్రేలు, కుడి ముంజేతి మీద లిమిటెడ్ రెండు. రుద్దకు. రుద్దితే వేడికి పై వాసన ఇంకా తొందరగా ఎగిరిపోతుంది. మొదటి పది నిమిషాలు అసలు తీర్పే ఇవ్వకు, ఆ పది నిమిషాలు అమ్మకం కోసమే ఉంటాయి. కౌంటర్ దగ్గర మేం పేపర్ మీద కొట్టి నీ చేతిలో పెట్టి, నువ్వు "వావ్" అనగానే బిల్లు వేసేది ఆ పది నిమిషాల్లోనే. గంటకు ఒకసారి, మూడు గంటలకు ఒకసారి, ఆరు గంటలకు ఒకసారి చూసి, ఫోన్‌లో రెండు ముక్కలు రాసుకో. బాగుంది, బాలేదు అని కాదు, దేనిలా ఉందో రాసుకో. తాటిముంజలా ఉందా, దోసకాయలా ఉందా, తడి సిమెంటులా ఉందా, ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉందా? మూడు గంటలప్పుడు రెండు చేతులూ ఒకేలా ఉంటే నీకు సమాధానం వచ్చినట్టే, మామూలుది కొను. కుడి చెయ్యి ఖాళీగా ఉంటే ఇంకా తేలిక. కుడి చెయ్యి నిజంగా వేరే మాట చెబుతూ, అది నీకు ఎడమ చేతికన్నా నచ్చితేనే ధర మాట్లాడుకోవాలి.

ఇంత చెప్పినా ఒక ఇబ్బంది ఉంది. ఈ మధ్య వస్తున్న ఆక్వాటిక్‌ల అడుగున ఆంబ్రాక్సాన్, ఐసో ఇ సూపర్ లాంటి వాసన రసాయనాలు బాగా వేస్తున్నారు. ఇవి మన ముక్కుకు కాసేపట్లో అలవాటైపోతాయి, మనకు ఏమీ రాదు, పక్కవాళ్ళకు వస్తూనే ఉంటుంది. "గంటకే పోయింది మేడం" అని సీసా వెనక్కి తెచ్చిన కుర్రాడు కౌంటర్ దగ్గరికి రాకముందే నాకు వాసన తగిలిన రోజులు ఉన్నాయి. అందుకే ఆరు గంటలప్పుడు ఇంట్లో ఎవరినైనా అడుగు. ఏ చేతి మీద ఏముందో చెప్పకు. ముక్కు మొద్దుబారితే కాఫీ గింజలు వాసన చూడమంటారు షాపుల్లో, మేమూ డబ్బాలో పోసి పెట్టేవాళ్ళం. దానికన్నా నీ మోచేతి మడతలో, ఏమీ కొట్టని చోట రెండుసార్లు పీల్చడం మేలు. ఇంకా మేలు, బయటికి వెళ్ళి ఐదు నిమిషాలు నిలబడటం.

ఈ పరీక్ష రెండు రోజులు చెయ్యి. ఒక రోజు ఏసీలో, ఒక రోజు బైకు మీద. మా ఊళ్ళో మే అంటే నలభై రెండు డిగ్రీల పొడి ఎండ, సెంటు ఒక్కసారిగా విచ్చుకుని ఆవిరైపోతుంది. మీ దగ్గర వేడి అంత ఉండదు, కానీ చెమట ఆరదు. తేమగాలిలో కేలోన్ పొంగుతుంది, చెమటతో కలిస్తే ఆ పుచ్చకాయ కాస్తా పులిసినట్టు అనిపిస్తుంది. హైదరాబాద్‌లో తియ్యగా, హాయిగా ఉన్న సమ్మర్ ఎడిషన్ ఒకటి మీ ఆర్కే బీచ్‌లో సాయంత్రం వేసుకుని, అరగంటకే తుడిచేసుకోవాలనిపించింది నాకు. వట్టివేరు, దేవదారు బలంగా ఉన్నవి కోస్తాలో బాగా నిలబడతాయి. నీ పాత సీసా నీకు ఎందుకు నచ్చిందో ఇందులోనే ఉంది.

అసలుదా నకిలీదా అన్న అనుమానం కూడా తీర్చుకోవాలి. ఆక్వాటిక్‌లకు నకిలీ చేయడం సులువు. చల్లదనం ఇచ్చే సరుకు చవక కాబట్టి మొదటి ఐదు నిమిషాలు అచ్చం అలాగే ఉంటుంది. అడుగు దగ్గర దొరికిపోతుంది, గంటకల్లా ఉత్త స్పిరిట్, చక్కెర వాసన మిగులుతుంది. పెట్టె అడుగున, సీసా అడుగున బ్యాచ్ కోడ్ ఉంటుంది, రెండూ ఒకటే కావాలి. కలిసినంత మాత్రాన అసలుదని కాదు, కలవకపోతే మాత్రం వెంటనే వదిలెయ్. మన దేశంలోకి సక్రమంగా దిగుమతై వచ్చిన సీసా అయితే దిగుమతిదారు పేరు, చిరునామా, ఎం.ఆర్.పి., దిగుమతి చేసిన నెల, రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్న స్టిక్కర్ ఉంటుంది. దుబాయ్ నుంచి ఎవరో సూట్‌కేసులో తెచ్చినదానికి ఉండదు. అది నకిలీ అని కాదు, కానీ తేడా వస్తే అడగడానికి మనిషి ఉండడు.

పదార్థాల జాబితా కూడా చదువు, అది వయసు చెబుతుంది. లిలియల్ అని ఒక పూల వాసన పదార్థం ఉండేది, జాబితాలో బ్యుటైల్‌ఫినైల్ మిథైల్‌ప్రొపియోనల్ అని రాస్తారు. యూరప్‌లో 2022 మార్చి 1 నుంచి దాన్ని నిషేధించారు. లైరల్ అనే ఇంకోదాన్ని అంతకుముందే, 2021 ఆగస్టు కల్లా అక్కడి అరల్లోంచి పూర్తిగా తీసేశారు. ఫ్రాన్సులో తయారైన పెట్టె మీద లిలియల్ పేరు కనపడితే ఆ సరుకు నిషేధానికి ముందుది. "పోయినేడాది స్టాక్ బ్రో" అన్నవాడిని ఇది పట్టిస్తుంది. కొందరు ఇదే కారణంతో పాత సీసాల వెంట పడతారు, పాత ఫార్ములా బాగుండేదని. పూల వాసన ఎక్కువ ఉన్నవాటిలో ఆ మాటకు అర్థం ఉంది. నీ సమ్మర్ సీసాలో దానికోసం మూడువేలు ఎక్కువ పెట్టేంత ఉందనుకోను.

రంగు కూడా చూడు. నీలంగానో పచ్చగానో ఉండే ద్రవాల్లో రంగు కలుపుతారు, జాబితా చివర సీఐ 42090 లాంటి నంబర్లు అవే. వెలుతురులో పెట్టి ఉంచితే ఆ రంగు వెలిసిపోతుంది. కంపెనీ ఫొటోలో ఉన్న రంగుకూ అతను పంపిన ఫొటోకూ పోల్చి చూడు, బాగా పాలిపోయి ఉంటే అది షోకేసులో ఎండకు నిలబడ్డ సీసా. అన్నట్టు, రంగు ద్రవం తెల్ల చొక్కా మీద కొట్టకు, పెళ్ళిబట్టల మీద అసలే వద్దు.

ఇక డబ్బు లెక్క. నువ్వు చెప్పిన ధరల ప్రకారం మామూలుది ఎం.ఎల్. 44 రూపాయలు, లిమిటెడ్ 68. ఒక స్ప్రేకు సుమారు 0.1 ఎం.ఎల్. వస్తుంది. రోజుకు నాలుగు స్ప్రేలంటే మామూలుది పదిహేడున్నర రూపాయలు, లిమిటెడ్ ఇరవై ఏడు. ఇక్కడితో అయిపోలేదు. అడుగు పలచన కాబట్టి మధ్యాహ్నం మళ్ళీ నాలుగు కొడతావు, అంటే రోజుకు యాభై నాలుగు. పది నెలలు రావాల్సిన సీసా ఐదు నెలలకే అయిపోతుంది. నేనైతే లిమిటెడ్ అన్న మాట మీద వేలు అడ్డం పెట్టి ధర చూస్తాను. వేలు అడ్డం పెట్టాక 125 ఎం.ఎల్. పాత ఓ ద త్వాలెట్ రకం సెంటుకు ఎంత ఇస్తాం? తల్లి సీసా కంటే తక్కువే. నా లెక్కలో అది మూడు, మూడున్నర వేలు, అదీ వాసన చూశాక.

ఎదురు ఉదాహరణ కూడా చెప్పకపోతే అన్యాయం. ఆల్బెర్టో మొరియాస్ 1996లో చేసిన ఆక్వా ది జో అనే ఆక్వాటిక్ సెంటుకు 2015లో ప్రొఫూమో అని ఇంకో రూపం వచ్చింది. దానిలో సముద్రం కింద సాంబ్రాణి, పచౌలి పెట్టారు. గుళ్ళో ధూపం వేస్తుండగా తలుపు తెరిస్తే సముద్రం కనపడినట్టు ఉండేది. లిమిటెడ్ అని ఎవరూ రాయలేదు, మామూలుగానే అమ్మారు. తరవాత ఆపేశారు. 2023లో దాని బదులు పర్ఫమ్ అని ఇంకొకటి తెచ్చారు, బాగానే ఉంటుంది, అదే కాదు. ఆ ప్రొఫూమో పాత సీసా మంచి స్థితిలో దొరికితే కొంచెం ఎక్కువ పెట్టినా నేను తప్పనను. ధూపం, పచౌలి ఉన్న అడుగు కాలానికి తట్టుకుంటుంది, అలాంటి వాసన ఇంకోటి సులభంగా దొరకదు కూడా. చూశావా, కొనదగ్గ అరుదైన సీసా మీద లిమిటెడ్ అన్న మాటే లేదు.

పెళ్ళి గురించి. తలంబ్రాలప్పుడు నువ్వు ఏం కొట్టుకున్నా ఎవరికీ రాదు. పసుపు, కర్పూరం, హోమం పొగ, మెడలో దండ, వీటి మధ్య ఆక్వాటిక్ ఏ మూలకు? ఆ పూటకు ఏమీ వద్దు, పొగకు తోడు ఇంకో వాసన పెట్టుకుంటే నీకే తలనొప్పి. రిసెప్షన్‌కు కావాలి. నీ మామూలు లో దిస్సే కొత్త సీసా ఒకటి తీసుకో. ఛాతీ మీద చొక్కా లోపల రెండు, మెడ వెనక ఒకటి, కోటు లోపలి అస్తరు మీద ఒకటి. బట్ట మీద ఒంటికన్నా ఎక్కువసేపు ఉంటుంది. బయలుదేరే అరగంట ముందు కొట్టుకో, ఫొటోలకు నిలబడే వేళకు నిమ్మ ఘాటు తగ్గి వట్టివేరు మొదలవుతుంది. పది ఎం.ఎల్. చిన్న స్ప్రే సీసాలో పోసి తోడుపెళ్ళికొడుకు జేబులో వేయించు, రాత్రి తొమ్మిదింటికి ఇంకో రెండు.

పెళ్ళికూతురికి ఆ వాసన పడుతుందో లేదో ముందే ఒక స్ట్రిప్ మీద కొట్టి పంపించు. పుచ్చకాయ వాసన గిట్టని వాళ్ళు చాలామందే ఉంటారు, మా ఆయన అందులో ఒకరు. ఇక ఆ 8,500 మనిషి ఇంకా పట్టుబడితే పెట్టె అడుగు ఫొటో, పదార్థాల జాబితా ఫొటో, సీసాను తెల్ల కాగితం ముందు పెట్టి తీసిన ఫొటో అడుగు. మూడూ వచ్చాక నాకు పంపు, చూసి చెబుతాను.